ప్రొటీన్ పొడుల బేరీజు: నెల్లూరులో గ్రాము ప్రొటీన్ ఎంతకు పడుతోంది?

ప్రొటీన్ పొడి కొనేవారిలో చాలామంది ఒక డబ్బా ధరను మరో డబ్బా ధరతో పోల్చి తక్కువ ఉన్నదాన్ని తీసుకుంటారు, లేదా జిమ్‌లో శిక్షణ ఇచ్చేవారు చెప్పిన పేరే అడిగి తెచ్చుకుంటారు. ఈ రెండు పద్ధతుల్లోనూ డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ. ఒక కిలో పొడిలో ప్రొటీన్ 900 గ్రాములు ఉండవచ్చు, 150 గ్రాములే ఉండవచ్చు. మిగిలిన బరువంతా చక్కెర, పిండిపదార్థం, కోకో, రుచి కోసం కలిపినవి. కనుక ఏ పొడి గిట్టుబాటు అవుతుందో తేలాలంటే అందులోని ఒక్కో గ్రాము ప్రొటీన్‌కు మనం ఎంత ఇస్తున్నామో లెక్క కట్టుకోవాలి. ఆ లెక్క ప్రకారం నెల్లూరులో దొరికే రకాలను, వాటి పక్కనే మన వంటింటి సరుకులను కూడా ఉంచి పోల్చి రాసిన సమీక్ష ఇది.

మా ఇంట్లో ఈ పొడి అవసరం ఇద్దరికి వచ్చింది. మా అన్న కొడుకు డిగ్రీ చదువుతూ మాగుంట లేఅవుట్‌లో జిమ్‌కు వెళ్తున్నాడు. మా అమ్మకు డెబ్బై దాటాయి. మోకాలి ఆపరేషన్ తరువాత ఆహారంలో ప్రొటీన్ పెంచమని డాక్టరు చెప్పారు. ఇద్దరి అవసరాలూ వేరు, ఇద్దరికీ అంగళ్ళలో చూపించిన డబ్బాలూ వేరు. అందుకే జిమ్ సరుకులు అమ్మే షాపుల్లోనూ, పొగతోట మందుల షాపుల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ ధరలు చూశాను. స్టోన్‌హౌస్‌పేట టోకు అంగళ్ళలో పప్పుల ధరలు అడిగాను. ఇక్కడ ఇచ్చిన ధరలన్నీ నేను కొన్నప్పటివి లేదా అడిగి తెలుసుకున్నవి, దగ్గరి గుండ్రటి అంకెకు సవరించినవి. అవి రేపు మారవచ్చు గాని లెక్క కట్టే పద్ధతి మారదు.

ఆ పద్ధతి చాలా సులువు. డబ్బా వెనుక పట్టికలో 100 గ్రాముల పొడికి ఎంత ప్రొటీన్ అని రాసిన అంకెను చూడాలి. 'ఒక చెమ్చాకు' అని రాసిన అంకెను నమ్ముకుంటే పోలిక కుదరదు, ఎందుకంటే ఒక కంపెనీ చెమ్చా 30 గ్రాములైతే మరొకరిది 36, ఇంకొకరిది 75 గ్రాములు ఉంటుంది. 100 గ్రాముల అంకెను పదితో హెచ్చిస్తే కిలోలోని ప్రొటీన్ వస్తుంది. కిలో ధరను దానితో భాగిస్తే గ్రాము ధర తేలుతుంది. షాపులో నిలబడి ఫోనులో అర నిమిషంలో చేసుకోదగిన లెక్క ఇది. చేయకపోతే ఎంత తేడా వస్తుందో కింది అంకెలే చెబుతాయి.

ముందు జిమ్‌కు వెళ్ళేవారు వాడే వే ప్రొటీన్ సంగతి. ఆవు పాలలోని ప్రొటీన్‌లో సుమారు 80 శాతం కేసీన్, 20 శాతం వే. చీజ్ తయారీలో పాలను విరగ్గొట్టి గట్టి భాగాన్ని తీసుకున్నాక మిగిలే తేట నీటిలో ఉండేది ఈ వే. ఆ నీటిని వడపోసి, ఆరబెట్టి పొడి చేస్తారు. వడపోత ఒక మేరకు ఆపితే కాన్సంట్రేట్ అంటారు, అందులో మేలు రకంలో ప్రొటీన్ 80 శాతం దాకా ఉంటుంది. ఇంకా వడపోసి కొవ్వును, పాల చక్కెరను దాదాపుగా తీసేస్తే ఐసొలేట్, అందులో 90 శాతం. కండరానికి చేరేటప్పటికి ఈ రెండింటి ప్రొటీన్‌కూ చెప్పుకోదగ్గ భేదం లేదు. పాలు పడనివారికి మాత్రం ఐసొలేట్ కొంత మేలు. అయితే 30 గ్రాముల కాన్సంట్రేట్‌లో ఉండే పాల చక్కెర రెండు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక గ్లాసు పాలలో సుమారు 10 గ్రాములు ఉంటుంది. రోజూ గ్లాసు పాలు తాగి ఏ ఇబ్బందీ పడనివారు పాల చక్కెర భయంతో ఐసొలేట్‌కు అదనపు సొమ్ము పెట్టవలసిన అవసరం నాకు కనిపించలేదు.

రుచులేవీ కలపని సాదా కాన్సంట్రేట్ కిలో సంచి 2,000 రూపాయలకు దొరికింది. యాజ్ ఇట్ ఈజ్ వంటి మన దేశపు కంపెనీలు అమ్మే ఈ రకంలో 30 గ్రాములకు 24 గ్రాముల ప్రొటీన్ అని ముద్రిస్తారు, అంటే కిలోకు 800 గ్రాములు. గ్రాము రెండున్నర రూపాయలు. చాక్లెట్ రుచి కలిపిన దేశీయ రకం కిలో 2,500 రూపాయలు. 36 గ్రాముల చెమ్చాకు 25 గ్రాముల ప్రొటీన్, అంటే కిలోకు సుమారు 694 గ్రాములు, గ్రాము మూడు రూపాయల అరవై పైసలు. పేరున్న విదేశీ రకం ఆప్టిమమ్ న్యూట్రిషన్ గోల్డ్ స్టాండర్డ్, రెండు పౌన్ల డబ్బా, అంటే 907 గ్రాములు, 3,600 రూపాయలు. 30 గ్రాములు దాటిన చెమ్చాకు 24 గ్రాములు, కాబట్టి గ్రాము ఐదు రూపాయలు. ఐసొలేట్ కిలో 3,600 రూపాయలు, గ్రాము నాలుగు రూపాయలు. కేవలం గిట్టుబాటు చూస్తే సాదా కాన్సంట్రేట్‌కు పోటీ లేదు. విదేశీ డబ్బాకు ఇచ్చే అదనపు డబ్బు ప్రధానంగా రుచికీ, నీటిలో ఉండ కట్టకుండా కలిసే గుణానికీ, ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్న పేరుకూ చెల్లిస్తున్నదే. ఆ పేరుకు కూడా విలువ ఉంది, దాని గురించి తరువాత చెబుతాను.

ఇక మందుల షాపు డబ్బాలు. మా అమ్మ కోసం పొగతోటలో అడిగినప్పుడు నా ముందు పెట్టినవి ఇవే. పెద్దవాళ్ళకు, పథ్యం మీద ఉన్నవాళ్ళకు ఇళ్ళలో ఎక్కువగా తెచ్చేవి కూడా ఇవే కాబట్టి వీటి మీద కొంచెం నిలిచి మాట్లాడాలి. 400 గ్రాముల డబ్బా 640 రూపాయలు అనగానే రెండు మూడు వేల జిమ్ డబ్బాల ముందు చాలా చవక అనిపిస్తుంది. వెనుక చూస్తే 100 గ్రాములకు 32 గ్రాముల ప్రొటీన్ అని ఉంది. అంటే డబ్బా మొత్తం మీద 128 గ్రాములు, గ్రాము ఐదు రూపాయలు. విదేశీ వే ధరతో సమానం! దాని పక్కనే ఉన్న మరో డబ్బాలో 100 గ్రాములకు 16 గ్రాములే. 700 రూపాయలకు 64 గ్రాములు, అంటే గ్రాముకు పదకొండు రూపాయల దాకా పడుతోంది. ఈ రెండో రకం నిజానికి ప్రొటీన్ కోసం చేసినది కాదు. అన్నం సయించనివారికి పిండిపదార్థం, కొవ్వు, విటమిన్లు అన్నీ కలిపి భోజనానికి బదులుగా ఇచ్చే పొడి. ఆ పనికి అది మంచిదే, డాక్టరు దాన్నే పేరు రాసి ఇస్తే తప్పక వాడాలి. 'ప్రొటీన్ పౌడర్ ఇవ్వండి' అని అడిగినవారికి దాన్ని అందించడమే సరి కాదు.

ఈ డబ్బాల మీద రాసిన మోతాదును కూడా గమనించాలి. రోజుకు రెండు చెమ్చాలు అని ఉంటుంది, దానితో అందేది 8 లేదా 10 గ్రాముల ప్రొటీన్. మా అమ్మకు రోజుకు 20 గ్రాములు అదనంగా అందాలి. 32 శాతం డబ్బాతో అది అందాలంటే రోజుకు 62 గ్రాముల పొడి కలపాలి, డబ్బా వారానికి కూడా రాదు, రోజు ఖర్చు వంద రూపాయలు. సాదా వే అయితే 25 గ్రాముల పొడి, 50 రూపాయలు. పైగా మందుల షాపు డబ్బాల పదార్థాల జాబితాలో చక్కెర మొదటి వరుసల్లోనే ఉండటం నేను చూశాను. పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాయాలన్నది నియమం కాబట్టి, ఒక వస్తువు ముందు వరుసలో ఉందంటే అది ఎక్కువే ఉన్నట్టు. ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్ళకు బలం కోసమని ఇలాంటి డబ్బా తెచ్చిపెట్టేముందు ఆ జాబితా చదవమని నేను చేతులు జోడించి అడుగుతున్నాను.

జిమ్‌కు కొత్తగా వెళ్ళే సన్నటి కుర్రవాళ్ళకు బరువు పెంచుతుందని అంటగట్టే మాస్ గెయినర్ అనే పొడి గురించి ఎక్కువ రాయనవసరం లేదు. మూడు కిలోల డబ్బా 2,400 రూపాయలు, అంటే కిలో ఎనిమిది వందలే అని చూపిస్తారు. 100 గ్రాములకు ప్రొటీన్ 15 గ్రాములు, మిగిలినదాంట్లో అధిక భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం. గ్రాము ప్రొటీన్ ఐదు రూపాయల ముప్పై పైసలు పడుతుంది, దానితోపాటు కిలోల కొద్దీ పిండి కొంటున్నాం. నెల్లూరు జిల్లాలో పుట్టి, ఇంట్లో అన్నం ఉండగా, పిండిపదార్థాన్ని కిలో ఎనిమిది వందలకు కొనడానికి కారణం నాకు తోచలేదు. ఒక షాపులో మా అన్న కొడుకుతో అమ్మే అతను 'తమ్ముడూ, నువ్వు సన్నగా ఉన్నావు, వే నీకు పని చేయదు, ముందు ఇది వాడు' అన్నాడు. ఆ మాటలో శాస్త్రం ఏమీ లేదు. బరువు పెరగాలనుకునేవారు ఇంకో ముద్ద అన్నం, రెండు అరటిపండ్లు, గుప్పెడు వేరుశనగ పప్పు ఎక్కువ తింటే ఆ శక్తి అంతా అందుతుంది.

ఇంతవరకు వేసిన లెక్కంతా డబ్బా మీది అంకె నిజమని నమ్మి వేసింది. ఆ నమ్మకం అన్నిచోట్లా చెల్లదు. ప్రొటీన్‌ను కొలవడానికి ఎక్కువగా వాడే పద్ధతి 1883లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యోహాన్ కెల్డాల్ రూపొందించినది. అది పదార్థంలోని నత్రజనిని కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి ప్రొటీన్ ఇంత అని చెబుతుంది. నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పరీక్షకు తెలియదు. కనుక నత్రజని ఉండే గ్లైసిన్, టారిన్ వంటి చవక అమినో ఆమ్లాలను కలిపితే అసలు ప్రొటీన్ తగ్గినా అంకె పెద్దగానే కనిపిస్తుంది. చైనాలో 2008లో బయటపడిన పాలపొడి కల్తీలో నత్రజని ఎక్కువగా ఉండే మెలమిన్ అనే రసాయనాన్ని కలిపింది కూడా ఈ లొసుగును వాడుకొనే. మన దేశంలో అమ్ముడయ్యే 36 ప్రొటీన్ పొడులను పరీక్షించి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దాదాపు 70 శాతం వాటిలో డబ్బా మీది అంకెకూ లోపలి సరుకుకూ పొంతన లేదని తేలింది. కొన్నింటిలో చెప్పినదాంట్లో సగమే ఉంది. కొన్నింటిలో బూజు నుంచి పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం కూడా కనిపించింది. గ్రాము రెండున్నర రూపాయలకు కొన్న పొడిలో సగమే ప్రొటీన్ ఉంటే దాని అసలు ధర ఐదు రూపాయలు అవుతుంది. నిలకడైన నాణ్యత ఉన్న పేరుకు ఒకటీ అరా రూపాయి ఎక్కువ ఇవ్వడం అందుకే దుబారా కాదని నా అభిప్రాయం.

కొనేవారు తమంతట తాము చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పదార్థాల జాబితాలో వే తప్ప మరొకటి లేని సాదా పొడిలో అమినో ఆమ్లాలు విడిగా కలిపారేమో అన్న అనుమానానికి చోటు తక్కువ. గ్లైసిన్, టారిన్ అని విడిగా రాసి ఉంటే ఆ డబ్బాను పక్కన పెట్టేయాలి. ఏ పదార్థం ఎంతో చెప్పకుండా అన్నింటినీ కలిపి ఒక మిశ్రమం పేరు పెట్టి ఒకే అంకె ఇచ్చేవాటిని కూడా నేను కొనను. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు కింద 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి, దాన్ని ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. విదేశీ డబ్బా మీద దిగుమతి చేసుకున్నవారి పేరూ చిరునామా ఉన్న చీటీ ఉండి తీరాలి. ఒకేసారి తయారైన సరుకుకు, అంటే ఒక్కో బ్యాచ్‌కు, బయటి ప్రయోగశాల పరీక్ష నివేదిక ఇచ్చే కంపెనీలు ఇప్పుడు ఉన్నాయి. ఆ నివేదికలోని బ్యాచ్ నంబరు చేతిలోని సంచి మీది నంబరుతో కలిస్తేనే దానికి విలువ. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు పంపిన డబ్బా మూత కింద కాగితం సీలు ఒక అంచున లేచి ఉండటంతో నేను దాన్ని వాడకుండా తిప్పి పంపాను. డబ్బు వెనక్కి రావడానికి చాలా ఫోన్లు చేయవలసి వచ్చింది. షాపులో బిల్లు తీసుకొని, అక్కడే సీలు చూసి కొనడానికి నేను ఇప్పుడు ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం అదే, ధర వంద రూపాయలు ఎక్కువైనా సరే.

ఇప్పుడు వంటింటి వైపు చూద్దాం. అన్నింటికంటే చవకైనది సోయాతో చేసే మీల్ మేకర్. కిలో 140 రూపాయలు, 100 గ్రాములకు సుమారు 52 గ్రాముల ప్రొటీన్, గ్రాము 27 పైసలు. నానబెట్టకముందు తూకం అది; నీళ్ళు పీల్చాక బరువు పెరుగుతుంది కాబట్టి పొడిగా ఉన్నప్పుడే తూచుకోవాలి. పెసలు కిలో 120 రూపాయలు, గ్రాము 50 పైసలు. వేరుశనగ పప్పు, పుట్నాల పప్పు గ్రాము 60 పైసలకు అటూ ఇటూ. ప్రకాశం జిల్లాలో శనగ విస్తారంగా పండుతుంది కాబట్టి శనగలు, పుట్నాలు మనకు ఎప్పుడూ అందుబాటు ధరలోనే ఉంటాయి. గుడ్డు ఏడు రూపాయలు, అందులో ఆరు గ్రాములు, గ్రాము ఒక రూపాయి పదిహేడు పైసలు. టోన్డ్ పాలు లీటరు 56 రూపాయలు, సుమారు 32 గ్రాములు, గ్రాము ఒక రూపాయి డెబ్బై ఐదు పైసలు. చికెన్ ఎముకలు తీసి లెక్కిస్తే దాదాపు పాల ధరకే వస్తుంది. చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె చేపలు అంతకంటే కొంచెం ఎక్కువ. మన తీరంలో విరివిగా దొరికే ఎండు రొయ్యల్లో ప్రొటీన్ చాలా ఎక్కువే గాని, ఉప్పు వల్ల వాటిని కూరలో రుచికి వేసుకోవడమే తప్ప లెక్కకు సరిపడా తినలేము.

ఈ అంకెలను చూసి పప్పులే గెలిచాయని వెంటనే తేల్చడం కూడా న్యాయం కాదు. గుడ్డు, పాలు, వే లోని ప్రొటీన్‌లో శరీరానికి అవసరమైన అమినో ఆమ్లాలన్నీ తగిన పాళ్ళలో ఉంటాయి. సోయా వాటికి దగ్గరగా నిలుస్తుంది. పప్పుల్లో మెథియొనిన్ అనే అమినో ఆమ్లం తక్కువ, బియ్యంలో లైసిన్ అనేది తక్కువ. పప్పు అన్నం కలిపి తిన్నప్పుడు ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. వేరుశనగ పప్పులో దాదాపు సగం కొవ్వు, అందుచేత 25 గ్రాముల ప్రొటీన్ కోసం 100 గ్రాములు తింటే సుమారు 570 కెలొరీలు కూడా లోపలికి వెళ్తాయి. అదే 25 గ్రాములు వే రూపంలో 120, 130 కెలొరీల్లో వచ్చేస్తుంది. పొడికి ఉన్న నిజమైన బలం ఇదే: తక్కువ పరిమాణంలో, నమలనవసరం లేకుండా, ఎక్కువ ప్రొటీన్.

అసలు ఎవరికి ఎంత కావాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్ళకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాములు, 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు. బరువులు ఎత్తే వ్యాయామం చేసేవారికి కిలోకు 1.6 గ్రాముల దాకా ప్రయోజనం ఉంటుందనీ, ఆపైన పెద్దగా పెరగదనీ పరిశోధనల సారాంశం. అదే సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచడం కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దని, ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడితే ఎముకలకూ మూత్రపిండాలకూ హాని జరగవచ్చని హెచ్చరించింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఏ పొడినీ ముట్టకూడదు.

మా అన్న కొడుకు బరువు 65 కిలోలు, అతనికి పై హద్దు 104 గ్రాములు. ఇంటి భోజనం, పెరుగు, పప్పుతో 60 గ్రాముల దాకా వస్తున్నాయి. మిగిలిన లోటులో రెండు గుడ్లు 12, ముప్పై గ్రాముల మీల్ మేకర్ 15, ముప్పై గ్రాముల వేరుశనగ పప్పు 7, మొత్తం 34 గ్రాములు 23 రూపాయల లోపే అందుతాయి. అవే 34 గ్రాములు సాదా వే తో 85 రూపాయలు, విదేశీ వే తో 170 రూపాయలు. నెలకు లెక్కిస్తే ఏడు వందలకూ, రెండున్నర వేలకూ, ఐదు వేలకూ ఉన్న తేడా అది. చదువుకునే పిల్లవాడి ఇంటి మీద ఐదు వేలు చిన్న భారం కాదు. పరీక్షల రోజుల్లో వంట కుదరనప్పుడు వాడుకోవడానికి ఒక సాదా సంచి ఇంట్లో ఉంచితే అతనికి చాలు.

మా అమ్మ విషయంలో తీర్పు వేరు. ఆమె గుడ్డు తినదు, మీల్ మేకర్ నమలలేదు, పప్పు ఎక్కువైతే కడుపు ఉబ్బరం అంటుంది. ఆమెకు రోజుకు 50 రూపాయల సాదా వే, పెట్టిన ప్రతి పైసాకూ తగిన సరుకు. డాక్టరుకు చూపించి, ఆయన సరే అన్నాకే మొదలుపెట్టాం. రుచి లేని పొడి కదా అని చాలామంది వెనుకాడతారు గాని, అందులో పాలపొడి వాసన తప్ప మరేమీ ఉండదు. పలుచటి మజ్జిగలో ఉప్పు, కాస్త శొంఠి వేసి కలిపితే తెలియనే తెలియదు. వేడి పాలలోనూ, పొయ్యి మీది రాగిజావలోనూ వేస్తే మాత్రం ఉండలు కడుతుంది. ప్రొటీన్ పోదు గాని తాగడం కష్టం. జావ గోరువెచ్చగా అయ్యాక, పొడిని ముందు చల్లటి నీటిలో కలిపి ఆ తరువాత పోయాలి. చాక్లెట్ రకాలు నీటిలో బాగుంటాయి గాని మన మజ్జిగకూ జావకూ అవి నప్పవు.

రెండు కిలోల సంచి కొంటే కిలోకు వంద, నూట యాభై తగ్గుతుంది. ఇంట్లో ఒక్కరే వాడేటట్లయితే నేను కిలో సంచే సిఫారసు చేస్తాను, ఎందుకంటే మన ఊరి ఉక్కకు తెరిచిన పొడి చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. సంచిలోని చెమ్మ పీల్చే చిన్న పొట్లాన్ని పారేయకుండా, పొడిని గాలి చొరని స్టీలు డబ్బాలోకి మార్చి, తడి లేని చెమ్చాతోనే తీయాలి. సంచి మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్కను కత్తిరించి అదే డబ్బాకు అంటిస్తే ఏదైనా తేడా వచ్చినప్పుడు అడగడానికి ఆధారం ఉంటుంది.